గీషా ఇంటి నుంచి పట్టు మిల్లు దాకా

పెంచలేక ఆడపిల్లని ఎవరింటికో ఇచ్చేశారు అన్న మాట వింటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అలా ఇచ్చేసిన పిల్ల తర్వాత ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. చాలామందికి పేరు కూడా మిగలదు. అలా మిగిలిన ఒక పేరు గురించి ఈ వారం మీతో చెప్పాలనుకున్నాను. ఆవిడ జపాన్ మనిషి, కవకామి సదయక్కో. గీషాగా పెరిగింది, ఆధునిక జపాన్‌కి మొదటి పేరున్న నటి అయింది, యూరప్ అంతా ఆవిడ ఫొటోలు కొనుక్కుంది. ఆఖరికి సొంతంగా ఒక పట్టు మిల్లు పెట్టి నడిపింది.

నిజం చెప్పాలంటే, మొదట్లో ఆవిడ కథ చదివినప్పుడు నాకు పెద్ద గౌరవం కలగలేదు. ఒక ప్రధానమంత్రి అండ, తర్వాత ఒక నాటకాల మొగుడి అండ, ఆ తర్వాత ఒక కోటీశ్వరుడి అండ. ఎప్పుడూ ఎవరో ఒకరు చెయ్యిపట్టుకుని నడిపించారు కదా అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎందుకు మారిందో చెప్పాలంటే కథ మొదటి నుంచీ చెప్పాలి.

పన్నెండో సంతానం

ఆమె అసలు పేరు కొయామా సద. 1871 జులై 18న టోక్యోలోని నిహొంబాషి ప్రాంతంలో పుట్టింది. పన్నెండుమంది పిల్లల్లో ఆఖరిది. కలిగిన కుటుంబమే కానీ వ్యాపారం చితికిపోయింది. అది సమురాయ్‌ల రోజులు పోయి, జపాన్ కొత్తగా పాశ్చాత్య దేశాల బాట పట్టిన కాలం. పాత ఇళ్లు చాలానే కూలిపోయాయి. సద ఇల్లూ అందులో ఒకటి.

దగ్గర్లోనే యొషిచో అనే గీషాల వాడ ఉంది. అక్కడ హమదా ఇల్లు పేరున్నది. ఆ ఇంటి యజమానురాలు హమదా కమేకిచి, సదకి ఏడేళ్లప్పుడు దత్తత తీసుకుంది. దత్తత అంటే మనకి ముద్దుగా వినిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. ఆ ఇంటికి వారసురాలు కావాలి, సంపాదించిపెట్టే పిల్ల కావాలి. తిండీ బట్టా చదువూ నాట్యం అన్నీ పెడతారు, వాటికి లెక్కా ఉంటుంది.

గీషా అంటే వేశ్య అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. పాట, నాట్యం, షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యం, అతిథులతో మాటకు మాట చెప్పగలిగే నేర్పు, ఇవన్నీ ఏళ్ల తరబడి నేర్చుకున్న కళాకారిణి గీషా. కానీ ఆ కళకి వెనక ఒక పోషకుడు ఉండి తీరాలి. పిల్లకి పదిహేను పదహారేళ్లు వచ్చేసరికి తగిన పెద్దమనిషిని చూడటం ఇంటి యజమానురాలి పని. పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడగరు.

పన్నెండేళ్లకి సద చిన్న గీషాగా సభల్లోకి వచ్చింది. కమేకిచి తెలివైన మనిషి. ఆ రోజుల్లో గీషాలకి చదువు అవసరం లేదనుకునేవారు. ఆవిడ మాత్రం సదకి రాయడం, చదవడం నేర్పించింది. గుర్రపు స్వారీ, జూడో, బిలియర్డ్స్ కూడా నేర్చుకుందా అమ్మాయి. అందం, చదువు, ధైర్యం కలిసిన పిల్ల అని ఊరంతా పేరొచ్చింది. జపాన్ మొదటి ప్రధానమంత్రి ఇతో హిరోబుమి ఆమెకి పోషకుడయ్యాడు. ఆయన ఆమెకంటే ముప్ఫై ఏళ్లు పెద్ద. ఆ ఇంట్లో అందరికంటే గొప్ప గీషాకి ఇచ్చే యక్కో అన్న పేరు ఆమెకి దక్కింది. ఈనాటి సినిమా తారలకి ఉన్నంత మోజు ఆమె మీద టోక్యోలో ఉండేది.

ఆ రోజుల్లోనే జరిగిందని చెప్పే ఒక సంగతి ఉంది. గుర్రమెక్కి వెళుతుంటే వీధికుక్కలు వెంటపడ్డాయి. ఒక కాలేజీ కుర్రాడు వచ్చి వాటిని తరిమాడు. అతని పేరు ఇవసాకి మొమొసుకె. ఇద్దరికీ మనసు కలిసింది. కానీ అతను బీదవాడు. జపాన్‌లో కొత్త చదువులకి పితామహుడనదగ్గ ఫుకుజావా యుకిచి తన రెండో కూతురు ఫుసాని ఇచ్చి అతన్ని ఇల్లరికం తెచ్చుకోవాలనుకున్నాడు. అమెరికాలో చదివిస్తానన్నాడు. మొమొసుకె ఒప్పుకున్నాడు, ఇంటిపేరు మార్చుకుని ఫుకుజావా మొమొసుకె అయ్యాడు. సద కథ అక్కడితో ఆగింది. ఆగిందనే అప్పుడు అందరూ అనుకున్నారు.

అప్పుల మొగుడు, చిన్న పడవ

1890ల మొదట్లో ఆమె పెళ్లి చేసుకున్న కవకామి ఒతోజిరో నాటకాలవాడు. దక్షిణాన హకాటా ఊరివాడు. ప్రభుత్వాన్ని వెక్కిరిస్తూ ఒప్పెకెపె అనే పాట పాడి జనాన్ని ఊపేసినవాడు. పాత కబుకి నాటకాలకి భిన్నంగా కొత్త రకం నాటకాలు ఆడాలన్నది అతని పిచ్చి. పెద్దవాళ్ల సభల్లో మెరిసిన యక్కో ఇలాంటివాడిని చేసుకోవడం అప్పట్లో వింతే. చేతిలో డబ్బు నిలవదు, మాట మీద అదుపు లేదు. టోక్యోలో అప్పుచేసి 1896లో సొంత థియేటర్ తెరిచాడు. పార్లమెంటుకి పోటీచేసి ఓడిపోయాడు. అప్పులవాళ్ల బాధ భరించలేక 1898లో ఒక చిన్న పడవలో పెళ్లాన్ని ఎక్కించుకుని సముద్రం మీద బయల్దేరాడు! తుఫాన్లకి ఓర్చి, తీరం వెంబడి ఊరూరా ఆగుతూ 1899 జనవరికి కోబె చేరారు. ఆ మూన్నాళ్ల ముచ్చట పేపర్లలో వచ్చి మళ్లీ పేరొచ్చింది. అప్పు మాత్రం అలాగే ఉంది.

అమెరికా వెళ్లి నాటకాలు ఆడదామని ఒక ఏజెంటు వచ్చాడు. 1899 వసంతంలో ఇరవై మందికి లోపు ఉన్న సమాజం ఓడెక్కింది. అప్పటిదాకా సద నటి కాదు. అసలు జపాన్‌లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కడమే అరుదు. 1629లో షోగున్ ప్రభుత్వం ఆడవాళ్ల నాటకాల్ని నిషేధించింది. రెండువందల యాభై ఏళ్లకి పైగా ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టారు. ఆ నిషేధం సడలి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. సద వెళ్లింది మొగుడికి తోడుగా, మాట సాయంగా.

తీరా శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే ఊరంతా ఆమె బొమ్మతో పోస్టర్లు. అమెరికావాళ్లకి ఆడవేషంలో మగవాడు వద్దు, అందమైన నటి కావాలి. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న నాట్యమే దిక్కయింది. గీషా పేరూ సొంత పేరూ కలిపి సదయక్కో అన్న నటి అక్కడ పుట్టింది. అప్పటికామె వయసు 27.

నన్ను ఆపేసిన చోటు

శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ల డబ్బుతో మేనేజర్ ఉడాయించాడు. హోటల్‌కి కట్టడానికి లేదు, తినడానికి లేదు. వాళ్లతో ఒతోజిరో మేనకోడలు త్సురు అనే చిన్నపిల్ల కూడా ఉంది. ఆ పిల్లని ఎలా పోషించాలో తెలీక, అక్కడే ఉంటున్న అవోకి అనే జపాన్ చిత్రకారుడికి పెంచుకోమని ఇచ్చేశారు.

ఇక్కడ చదవడం ఆపేసి కాసేపు కూర్చున్నాను. తనని చిన్నప్పుడు ఎలా ఇచ్చేశారో తెలిసిన మనిషి, ఇంకో పిల్లని అలాగే ఇచ్చి ముందుకి వెళ్లిపోయింది. ఆకలి ముందు నీతి నిలవదు, నిజమే. అయినా మనసు ఒప్పుకోదు. త్సురు అదృష్టం బాగుంది. ఆ చిత్రకారుడు బాగా పెంచాడు. త్సురు అవోకి అన్న పేరుతో ఆ అమ్మాయి హాలీవుడ్ మూకీ చిత్రాల్లో తార అయింది, అక్కడే సెష్షూ హయకావా అనే పేరున్న నటుణ్ని పెళ్లి చేసుకుంది. అలా అవుతుందని ఆ రోజు ఎవరికీ తెలీదు కదా.

అక్కణ్ణించి సియాటిల్, షికాగో. షికాగోలో రోజుల తరబడి తిండి లేదు. ఒక థియేటరాయన జాలిపడి ఒక్క ఆట ఆడుకోనిచ్చాడు. కత్తియుద్ధంలో పడ్డ నటులు నీరసంతో నిజంగానే లేవలేకపోయారట. ప్రేక్షకులు ఎంత సహజంగా నటించారో అని చప్పట్లు కొట్టారని తర్వాత వాళ్లే చెప్పుకున్నారు. ఆ ఒక్క ఆటతో దశ తిరిగింది. అయితే బోస్టన్ చేరేసరికి ఇద్దరు నటులు చచ్చిపోయారు. ఏళ్ల తరబడి ముఖానికి పూసుకున్న తెల్లరంగులోని సీసమే ప్రాణం తీసిందంటారు. ఒతోజిరోకి కూడా అక్కడే అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. మనుషులు తగ్గినకొద్దీ సదయక్కో మీద భారం పెరిగింది. ఆవిడ చనిపోయినవాళ్ల గురించి ఏడ్చే తీరిక కూడా లేకుండా రాత్రిపూట ఆట ఆడింది.

1900లో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు మెకిన్లీ ముందు, లండన్‌లో వేల్స్ యువరాజు ముందు ఆడారు. ఆ వేసవిలో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన. అక్కడ అమెరికన్ నాట్యగత్తె లోయీ ఫుల్లర్‌కి సొంత థియేటర్ ఉంది. అందులో ఆటలు మొదలయ్యాయి. గీషా, వీరుడు అనే నాటకంలో ప్రేమించినవాడు మోసంచేస్తే కోపంతో, దుఃఖంతో ప్రాణాలు వదిలే గీషాగా సదయక్కో వేసే ఘట్టం చూడటానికి జనం విరగబడ్డారు. రచయిత ఆండ్రే జీద్ మళ్లీ మళ్లీ వెళ్లాడు. నాట్యంలో కొత్త దారి తీసిన ఈసడోరా డంకన్, రూత్ సెయింట్ డెనిస్ ఇద్దరూ ఆ ఆటలు చూసినవాళ్లే. కుర్రవాడైన పికాసో ఆమె బొమ్మ గీశాడు. శిల్పి రోడిన్ ఆమె శిల్పం చెక్కుతానంటే తీరిక లేదని చెప్పిందంటారు. యక్కో పేరుతో కిమోనోలు అమ్మారు. 1902లో ఇటలీలో ఆమె ఆట చూసిన సంగీతకర్త పుచ్చీనీ అప్పటికి మదామ్ బటర్‌ఫ్లై అనే ఒపెరా రాస్తున్నాడు.

ఈ కీర్తికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. ఫుల్లర్‌కి ప్రతి ఆటలోనూ కత్తితో కడుపు చీల్చుకునే సీను ఉండాలి, లేకపోతే టికెట్లు తెగవు. కథకి అవసరం లేకపోయినా పెట్టారు. కబుకి నాటకాల్ని ముక్కలు చేసి అతికించి అమ్ముకుంటున్నారని, గీషాని చూపించి దేశం పరువు తీస్తున్నారని స్వదేశంలో విమర్శించారు. అందులో నిజం లేకపోలేదు.

పదిహేనుమంది అమ్మాయిల బడి

రెండో యూరప్ యాత్ర ముగించుకుని 1902లో తిరిగొచ్చాక, సొంతగడ్డ మీద నటించనని భీష్మించుకుందామె. అక్కడి ప్రేక్షకులకి ఆమె ఇంకా పాత గీషా యక్కోనే. ఒతోజిరో బతిమాలాడు. 1903 ఫిబ్రవరిలో టోక్యోలోని మెయిజిజా థియేటర్లో ఒథెల్లో ఆడారు. కథని తైవాన్‌కి మార్చారు. డెస్డిమోనా పాత్రకి తొమొనె అని పేరు పెట్టి సదయక్కో వేసింది. అదే ఏడాది హామ్లెట్‌లో ఒఫీలియా వేసింది. పిల్లల కోసం ప్రత్యేకంగా నాటకాలు ఆడటం కూడా జపాన్‌లో ఆ ఏడే వీళ్లే మొదలుపెట్టారు.

తను వచ్చిన దారి తప్పనిసరై వచ్చింది. తర్వాతి అమ్మాయిలు అలా రాకూడదనుకుంది. ఇంకోసారి పారిస్ వెళ్లి నాటకశిక్షణ ఎలా ఇస్తారో చూసి వచ్చింది. 1908 సెప్టెంబర్‌లో టోక్యోలో నటీమణుల శిక్షణాలయం తెరిచింది. పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి వంటి పెద్దలు వెనక నిలబడ్డారు. వందకి పైగా దరఖాస్తులొస్తే పదిహేనుమందిని తీసుకున్నారు. జపాన్ నాట్యం, పాశ్చాత్య నాట్యం, వాయిద్యాలు, నటన, చరిత్ర అన్నీ పాఠాలే.

ఇందులో చేరడమంటే ఆ అమ్మాయిలకి ఎంత సాహసమో మోరి రిత్సుకో సంగతి చెబితే అర్థమవుతుంది. పార్లమెంటు సభ్యుడి కూతురు. నటి అవుతుందని తెలిసి, తను చదివిన బడివాళ్లు పూర్వ విద్యార్థినుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. అయినా ఆగలేదు. ఆ బడిని ఇంపీరియల్ థియేటర్ తీసుకుంది. 1911లో ఆ థియేటర్ తెరిచినప్పుడు రిత్సుకో, తనతో చదివిన అమ్మాయిలు స్టేజీ మీద నిలబడ్డారు. అప్పటిదాకా ఆడవేషమే తప్ప ఆడమనిషి కనపడని దేశంలో అది చిన్న మార్పు కాదు.

విధవకి నాటకాలేమిటి?

ఒతోజిరో 1910లో ఒసాకాలో తెయికొకుజా అనే థియేటర్ కట్టాడు. మళ్లీ అప్పే. మరుసటి ఏడు జబ్బుపడ్డాడు. ఇక లాభం లేదని తెలిశాక అతన్ని ఆ థియేటర్ స్టేజీ మీదికే చేర్చారు. 1911 నవంబర్ 11న అక్కడే కన్నుమూశాడు. వయసు 47.

సదయక్కో టోక్యోలో భర్త విగ్రహం పెట్టిద్దామని ఒక పేరున్న గుడిని అడిగింది. నాటకాలవాడి విగ్రహం మా దగ్గర వద్దని స్థానికులు గోలచేశారు. చివరికి యనకా శ్మశానంలో నిలబెట్టాల్సి వచ్చింది. తర్వాత యుద్ధం రోజుల్లో కంచు కోసం ఆ విగ్రహాన్నీ కరిగించేశారు. దిమ్మ మిగిలింది.

మొగుడు పోయాక ఇంట్లో కూర్చోకుండా ఇంకా నాటకాలేమిటని పత్రికలు రాశాయి. ఒంటరి ఆడది, నలభై దాటింది, సలోమీ వేషమేమిటని వెక్కిరించాయి. ఇలాంటి మాటలకి దేశం, కాలం ఉండవు కాబోలు. అప్పులు తీర్చాలి, సమాజంలో ఉన్నవాళ్లకి జీతాలివ్వాలి. ఆరేళ్లు లాక్కొచ్చింది. 1917లో ఐదా నాటకంతో సెలవు తీసుకుంది.

ఇక్కడ మొమొసుకె మళ్లీ వస్తాడు. కుర్రతనంలో కుక్కల్ని తరిమినవాడు ఇప్పుడు కరెంటు రాజు. నగోయా కేంద్రంగా కిసో నది మీద విద్యుత్తు కేంద్రాలు కట్టిస్తున్నాడు. 1924లో పూర్తయిన ఓయి డ్యామ్ ఆయనదే. 1920 ప్రాంతంలో నగోయాలో ఎర్రకప్పు, రంగు అద్దాల కిటికీలు ఉన్న పెద్ద బంగళా కట్టి ఇద్దరూ అందులో ఉన్నారు. ఇంజనీర్లు, మంత్రులు, విదేశీయులు వచ్చే ఆ ఇంటికి ఇల్లాలు సదయక్కోనే.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఫలించిన ప్రేమ అని దీన్ని ముచ్చటగా చెబుతుంటారు. నాకు అలా చెప్పబుద్ధి కాదు. మొమొసుకెకి భార్య ఉంది, ఫుసా. ఈ ప్రేమకథలో ఆవిడ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఒకరి ముచ్చట తీరిన చోట ఇంకొకరి ఇల్లు బోసిపోయింది. సదయక్కో మీద అభిమానం కొద్దీ ఆ మాట దాచడం న్యాయం కాదు.

మిల్లు

నా అభిప్రాయం మార్చింది ఆ బంగళా కాదు, ఆ రోజుల్లోనే ఆమె చేసిన ఇంకో పని. 1918లో, 47 ఏళ్ల వయసులో, నగోయాలో కవకామి పట్టు కంపెనీ స్థాపించింది. పట్టుబట్ట నేయించి విదేశాలకి ఎగుమతి చేయడం దాని పని.

ఆ కాలపు జపాన్‌లో పట్టు మిల్లు అంటే ఏమిటో తెలుసుకోవాలి. దేశానికి డాలర్లు తెచ్చేది పట్టే. ఆ పట్టు తీసేది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, పన్నెండు పదమూడేళ్ల వాళ్లు కూడా. కంపెనీ మనిషి ఊరికి వచ్చి తండ్రి చేతిలో అడ్వాన్సు పెడతాడు. ఆ అప్పు తీరేదాకా పిల్ల మిల్లులోనే. రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటల పని. ఇరుకు గదులు, క్షయ. జబ్బుపడితే ఇంటికి పంపేసేవారు. ఒకరకంగా హమదా ఇంటి లెక్కే ఇది. కాకపోతే షమిసెన్ బదులు పట్టుకాయలు.

సదయక్కో మిల్లు చిన్నది. పనిచేసే అమ్మాయిలు కొద్దిమందే. కానీ వాళ్లకి మంచి వసతిగృహం ఉండేదని, మధ్యాహ్నం టెన్నిస్ ఆడేవారని, యూరప్‌లో తను చూసిన పద్ధతిలో యూనిఫారం కుట్టించిందని, పని అయ్యాక తేనీటి మర్యాద, పూల అలంకరణ నేర్పించేదని చెబుతారు. పెళ్లీడు పిల్లలకి ఆ దేశంలో అవి పెద్దింటి చదువులు. మిల్లు పిల్లకి అవి ఎవరు నేర్పుతారు?

తనని ఇచ్చేసిన రోజు గుర్తొచ్చి ఇదంతా చేసిందని నేను అనను. ఆవిడ మనసులోకి మనం వెళ్లలేం. త్సురుని గుర్తుచేసుకుందనీ అనలేను. కానీ జరిగినవి వరసగా పెట్టి చూడండి. నటీమణుల బడి, పిల్లల నాటకాలు, మిల్లు. 1924లో పిల్లల సంగీత నాటక సమాజం కూడా పెట్టింది. చేతికి అధికారం వచ్చిన ప్రతిసారీ ఆమె చిన్నవాళ్లకి, ఆడపిల్లలకి పని నేర్పే చోటే కట్టింది. మగవాళ్ల అండ ఉంది, కాదనను. ఆ అండతో నగలు చేయించుకునేవాళ్లుంటారు, బడి కట్టేవాళ్లూ ఉంటారు.

చివరి రోజులు

1933లో గిఫు రాష్ట్రంలో కిసో నది దగ్గర తన డబ్బుతో తెయిషోజి అనే గుడి కట్టించింది. పక్కనే ఒక విడిది ఇల్లు. మొమొసుకె 1938లో పోయాడు. ఆ తర్వాత యుద్ధం, బాంబులు, ఓటమి అన్నీ చూసింది. 1946 డిసెంబర్ 7న అతామి అనే సముద్రతీరపు ఊళ్లో కేన్సర్‌తో చనిపోయింది. వయసు 75. తను కట్టించిన గుడిలోనే ఆమె సమాధి.

తర్వాత చాలాకాలం జనం ఆమెని మర్చిపోయారు. 1985లో జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కె ఆమె జీవితాన్ని ఏడాది పొడుగునా సీరియల్‌గా వేసింది. నగోయాలోని ఆ బంగళాని విప్పి, అదే ఊళ్లో ఇంకోచోట మళ్లీ కట్టి 2005లో మ్యూజియంగా తెరిచారు. రంగు అద్దాలు, మెట్లు చూడటానికి జనం వెళ్తుంటారు.

నాకు మాత్రం ఆ ఇంటికన్నా మిల్లు అమ్మాయిలు టెన్నిస్ ఆడిన ఆ ఖాళీ జాగా చూడాలనుంది. వాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు బంతి వెనక పరుగెత్తి, మళ్లీ మగ్గాల దగ్గరికి వెళ్లిన పిల్లలు. ఆ కాసేపూ వాళ్లని ఎవరూ లెక్క అడగలేదు.